గట్టు మీది పూలు ఎవరి కోసం?

ద్రాక్ష సాగులో ఇప్పుడొక కొత్త మాట వినిపిస్తోంది. వరసల మధ్య నేలను గీకి శుభ్రం చేయకండి, గట్ల వెంట స్థానిక మొక్కలను పెరగనివ్వండి, వాటి పూల మీదికి వచ్చే మిత్ర పురుగులే మీ తోటను కాపాడతాయి అని. సెమినార్లలో దీని మీద పత్రాలు చదువుతున్నారు. ప్రాజెక్టులకు నిధులు వస్తున్నాయి. నేను చేస్తున్న పిహెచ్‌డి కూడా ఈ అంశం మీదే. కాబట్టి ఆ మాట నిజమేనని ముందే చెప్పేస్తున్నాను. నా తగవు శాస్త్రంతో కాదు, ఆ శాస్త్రం లెక్కలోకి తీసుకోకుండా వదిలేసిన వాటితో.

మేం పొలంలో ఏం లెక్కపెడతాం? పందిరికి పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, వాటికి అంటుకున్న కందిరీగలను లెక్కపెడతాం. ఒక్కో తీగకు ఎన్ని అక్షింతల పురుగులున్నాయో రాసుకుంటాం. గుత్తికి ఎంత నష్టం, ఎకరాకు ఎంత దిగుబడి, మందుల ఖర్చు ఎంత తగ్గింది అన్నదీ లెక్కవేస్తాం. ఆ మందును వీపున మోసిన మనిషి సీజన్‌లో ఎన్ని రోజులు మోశాడు, ఎన్ని రోజులు తగ్గాయి అన్న గడి మాత్రం మా పట్టికల్లో ఉండదు. ఈ వ్యాసం ఆ గడి గురించి.

పూవుకూ పురుగుకూ ఉన్న సంబంధం

ముందు అసలు సంగతి. మన దేశంలో ద్రాక్ష రైతును బాగా ఏడిపించే పురుగుల్లో పిండినల్లి ఒకటి. బెరడు కింద దాక్కుంటుంది, కాయ పక్వానికొచ్చే వేళకు గుత్తిలోకి చేరుతుంది. ఒంటి మీద మైనంలాంటి పూత ఉండడంతో పిచికారీ చేసిన మందు దానికి సరిగ్గా అంటదు. దాన్ని పట్టగలిగింది అనగైరస్ అనే చిన్న కందిరీగ జాతి. పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలి నుంచి తింటూ పెరుగుతుంది. పిల్లకు పిండినల్లి ఆహారం. పెద్ద కందిరీగకు మాత్రం తీపి కావాలి. చుట్టూ ద్రాక్ష తప్ప మరో పూవు లేకపోతే అది ఎక్కువ రోజులు బతకదు, ఎక్కువ గుడ్లు పెట్టదు. దాని నోరు చిన్నది కాబట్టి లోతైన పూల తేనె దానికి అందదు. కొత్తిమీర, సోంపులాంటి చిన్న పూలు, అలసంద ఆకుకాడల దగ్గర ఊరే తేనె దానికి అందుతాయి.

ఈ సూత్రం కొత్తది కాదు. కాలిఫోర్నియా ద్రాక్ష తోటల్లో ఆకుల రసం పీల్చే ఒక దీపపు పురుగును అదుపులో ఉంచే కందిరీగ ఉంది. దాని పేరు అనగ్రస్, పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. అది దీపపు పురుగు గుడ్లలో పెరుగుతుంది. చలికాలంలో ద్రాక్ష ఆకు రాలుతుంది, దీపపు పురుగు గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. మరి ఆ నెలల్లో కందిరీగ ఎక్కడ బతుకుతోంది? 1960లలో శాస్త్రవేత్తలు దీనికి జవాబు కనుక్కున్నారు. వాగుల ఒడ్డున పెరిగే అడవి బ్లాక్‌బెర్రీ పొదల మీద వేరే జాతి దీపపు పురుగు గుడ్లు చలికాలంలోనూ ఉంటాయి. అనగ్రస్ వాటిలో తలదాచుకుని, వసంతం రాగానే తోటలోకి తిరిగొస్తోంది. ఎవరూ నాటని, ఎవరూ పట్టించుకోని ముళ్లపొద పక్కనున్న తోటను కాపాడిందన్నమాట. తర్వాత న్యూజిలాండ్‌లోని వైపరా లోయలో, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ద్రాక్ష తోటల చుట్టూ స్థానిక మొక్కలు పెంచి చూసిన పరిశోధనలన్నీ ఈ దారిలో నడిచినవే.

మన దగ్గర జరిగింది దీనికి వ్యతిరేకం. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. నేటికీ ప్రయోగశాలల్లో పెంచి అమ్ముతున్నారు. రైతు కొని తోటలో వదులుతాడు, వారం తిరక్కుండా వేరే తెగులుకు మందు కొడతాడు, కొన్న పురుగులు పోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. క్రిప్టోలీమస్ పిల్ల పురుగు ఒళ్లంతా తెల్లటి మైనంతో అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తుంది. తెలియనివాళ్లు దాన్నీ నలిపేస్తారు. మిత్రుడిని కొని తెస్తాం, వాడు ఉండడానికి నీడ ఉంచం, ఎదురుపడితే పోల్చుకోలేం. నీడ ఎందుకు లేదంటే, మంచి తోటంటే గడ్డి పరక లేని తోట అని మనకు నేర్పారు కాబట్టి. నేల ఎంత బోసిగా ఉంటే రైతుకు అంత పేరు. శుభ్రత అనే మాటను మన సమాజం ఎవరిని బయట పెట్టడానికి వాడుకుందో ఈ పాఠకులకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. పొలంలో కూడా ఆ మాట వినగానే ఒకసారి ఆగి ఆలోచించాలని మాత్రం అంటాను.

తోటలో ఉన్నదెవరు?

దేశంలో ద్రాక్షకు రాజధాని మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా. దిండోరి, నిఫాడ్ తాలూకాల్లో మైళ్ల పొడవునా పందిళ్లే. అక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, పండు కోసం అక్టోబరు ప్రాంతంలో మరోసారి. రెండో కత్తిరింపు అయ్యాక మొగ్గలన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ అనే రసాయనాన్ని కొమ్మలకు పూస్తారు. అది చర్మాన్ని కాల్చే మందు. ఒంట్లోకి చేరిన మనిషి ఆ రోజుల్లో కాస్త కల్లో సారానో తాగాడంటే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, ఊపిరాడని స్థితి వస్తుంది. తర్వాత గుత్తులు సాగడానికి వాటిని ఒక్కొక్కటిగా జిబ్బరెల్లిక్ ఆమ్ల ద్రావణంలో ముంచుతారు. ఆపైన కత్తెర పట్టుకుని కాయలు పలచన చేస్తారు. ఈ పనులన్నీ చేతులతోనే. తల ఎత్తి, చేతులు పైకి పెట్టి పందిరి కింద గంటల తరబడి నిలబడే పని ఇది. ఆకుల మీది మందు ముఖం మీదికి, మెడ మీదికి రాలుతూనే ఉంటుంది.

ఈ పనికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సుర్గాణా, పేఠ్ లాంటి తాలూకాల ఆదివాసీలు, భూమిలేని దళిత కుటుంబాలు. ముఠాలుగా కట్టి, ఎకరాకు ఇంతని గుత్త మాట్లాడుకుని వస్తారు. తోట తోటకూ యజమాని మారతాడు కాబట్టి ఒకే మనిషి ఒంట్లోకి ఎన్ని తోటల మందు చేరిందో ఏ పుస్తకంలోనూ ఉండదు.

పండుకు మాత్రం పుస్తకం ఉంది. 2010లో మన ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అవశేషాలు ఉన్నాయని యూరప్ దేశాలు కంటైనర్లను ఆపేశాయి. రైతులు నష్టపోయారు, దేశమంతా గగ్గోలు పుట్టింది. నేడు ఎగుమతి చేసే ద్రాక్షకు తోట నమోదు నుంచి ప్రయోగశాల పరీక్ష దాకా ప్రతి అడుగుకూ లెక్క ఉంది. మందు కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో నియమం ఉంది. అది తినేవాడి కోసం. మందు కొట్టాక ఎన్ని గంటలకు కూలీ ఆ వరసలోకి అడుగుపెట్టాలో తోటలో చెప్పేవాళ్లెవరు? 1971 నాటి క్రిమిసంహారకాల నియమాల్లో మందు కొట్టేవాళ్లకు రక్షణ దుస్తులు ఇవ్వాలని, పనిలో పెట్టుకునే ముందూ ఆ తర్వాతా వైద్య పరీక్షలు చేయించాలని ఉంది. ఆ నియమాలు వచ్చి 50 ఏళ్లు దాటాయి. 2017లో మహారాష్ట్రలోనే యవత్మాల్ జిల్లా పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయాకగానీ ఆ కాగితం సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. పంట వేరైనా వీపున డబ్బా మోసేవాళ్లు ఆ సామాజిక వర్గాలవాళ్లే.

అందుకే మిత్ర పురుగుల ప్రశ్నను నేను కూలీల ఆరోగ్య ప్రశ్నగా చూస్తాను. గట్టు మీది పూల వల్ల సీజన్‌లో మూడు పిచికారీలు తగ్గాయనుకుందాం. యజమానికి అది ఖర్చులో ఆదా, ఎగుమతిదారుకు మంచి పేరు, నాకు ఒక పరిశోధన పత్రం. పందిరి కింద తలెత్తి నిలబడిన స్త్రీకి మాత్రం అది ఊపిరి. అందరికంటే ఎక్కువ మేలు పొందేది ఆమె. ఆ మేలును కొలవనిది మేం.

ద్రాక్ష తోటల చరిత్రలోనే దీనికి మరో దారి ఉంది. అడవి బ్లాక్‌బెర్రీ పొదల రహస్యం బయటపడుతున్న ఆ దశాబ్దంలోనే, ఆ కాలిఫోర్నియాలోనే, 1965 సెప్టెంబరులో డెలానో ద్రాక్ష కూలీలు సమ్మెకు దిగారు. లారీ ఇట్లియోంగ్ నాయకత్వంలో ఫిలిపినో కూలీలు మొదలుపెట్టారు. సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్టాల వెంట మెక్సికన్ మూలాలున్న కూలీలు కలిశారు. అయిదేళ్ల పోరాటం, దేశవ్యాప్త బహిష్కరణ తర్వాత 1970లో యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. ఆ ఒప్పందాల్లో కూలి పెంపుతో పాటు డీడీటీ లాంటి మందులు వాడకూడదన్న షరతులూ ఉన్నాయి. తోటలో ఏ మందు కొట్టాలన్నది యజమానీ శాస్త్రవేత్తా తేల్చుకునే విషయం కాదని, పందిరి కింద నిలబడేవాళ్ల మాట కూడా చెల్లాలని వాళ్లు పోరాడి ఒప్పించారు.

మనకూ ఆ వారసత్వం లేకపోలేదు. 1930లో నాసిక్ కాలారామ్ ఆలయ ప్రవేశ సత్యాగ్రహాన్ని అంబేద్కర్ నాయకత్వంలో ముందుండి నడిపిన దాదాసాహెబ్ గైక్వాడ్ నాసిక్ జిల్లా బిడ్డే. ఆయన 1959లోనూ, మళ్లీ 1964-65లోనూ భూమిలేనివాళ్లకు భూమి కోసం పెద్ద సత్యాగ్రహాలు నడిపారు. ఆ జిల్లా నేడు ద్రాక్షకు పేరుపడింది. ఆయన వేసిన ప్రశ్న, అంటే నేల ఎవరి చేతిలో ఉంది అన్నది, ద్రాక్ష శాస్త్రంలో ఒక్క పేజీకి కూడా నోచుకోలేదు.

గట్టు ఎవరిది?

స్థానిక మొక్కలు అనగానే మాట గట్టు మీదికి వస్తుంది. గట్టు ఖాళీ జాగా కాదు. మేక ఉన్నవాళ్లకు అది మేత. కూర కొనలేనివాళ్లకు కూరాకు. తుమ్మికూర, దొగ్గలికూర, చెంచలికూర, పొన్నగంటి, లేత గునుగాకు కొనుక్కుని తినేవి కావు, కలుపు తీస్తూ కొంగులో వేసుకొచ్చేవి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు ఇలాంటి సాగుచేయని ఆకుకూరల మీద ఏళ్ల తరబడి పనిచేసి, వాటి పేర్లనూ వాడకాలనూ నమోదు చేయించాయి. శాస్త్రం కలుపు అన్నదాన్ని వాళ్లు కూర అన్నారు. కలుపు మందు వచ్చాక ఆ కూరా పోయింది, కలుపు తీసే కూలీ పోయింది.

ఆ గట్టు మీద హక్కు మాత్రం వాళ్లకు ఎన్నడూ లేదు. గడ్డి కోసినందుకు తిట్లు, కొడవలి లాక్కోవడాలు, అంతకంటే ఘోరాలు పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. 2020 సెప్టెంబరులో హాథ్రస్‌లో ఆ 19 ఏళ్ల దళిత యువతి మీద దాడి జరిగింది పశువుల మేత కోసం పొలానికి వెళ్లినప్పుడే. పొలం గట్టు దళిత స్త్రీకి ప్రకృతి ఒడి కాదు, ప్రతి రోజూ ప్రాణభయంతో దాటాల్సిన సరిహద్దు. జీవవైవిధ్యం పేరుతో ఆ గట్టుకు రేపు కంచె వేసి, ఇది కీటకాల నివాసం, కోయకూడదు అని బోర్డు పెడితే జరిగేదేమిటి? కందిరీగకు ఆశ్రయం దొరుకుతుంది, మేకకు మేత పోతుంది. విదేశాల్లో ఇలాంటి తోటల్లో సందర్శకులకు నడకదారులు వేశారు. మన దగ్గర కూడా వైన్ పర్యాటకం పెరుగుతోంది. పూల మధ్య నడిచేది ఎవరు, కంచె బయట నిలబడేది ఎవరు అన్నది ఇప్పుడే అడగాలి.

ఇక జ్ఞానం సంగతి. మా అమ్మా పెద్దమ్మా హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష తోటలున్న కాలంలో కలుపు కూలికి వెళ్లినవాళ్లు. ఏ మొక్క వానకు మొలుస్తుంది, ఏది చలికి పూస్తుంది, దేని మీద చీమలు ఎక్కువ, దేన్ని మేక ముట్టదు అన్నది వాళ్లకు నోటికొచ్చు. నేను హెర్బేరియంలో నెలలపాటు సరిచూసుకున్న చాలా సంగతులు అమ్మ ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పింది. ఈ మాట ఒక సమావేశంలో చెబితే ఒక పెద్దాయన నవ్వి, "అది సమాచారం బాబూ, జ్ఞానం కాదు" అన్నారు. అమ్మ చెప్పింది నా పట్టికలోకి ఎక్కితే జ్ఞానం, అమ్మ నోట్లో ఉంటే సమాచారం! కులం శ్రమను విభజించడంతో ఆగదు, శ్రామికులనే మెట్లుమెట్లుగా విభజిస్తుందని బాబాసాహెబ్ చెప్పారు. జ్ఞానంలోనూ అవే మెట్లు. సుర్గాణా నుంచి వచ్చే ఆదివాసీకి అడవి మొక్కలు తెలుసు. 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబై దాకా పాదాలు పగిలేలా నడిచి అటవీ భూమి పట్టాలు అడిగినవాళ్లలో ఆ ఆదివాసీలున్నారు. వాళ్లకు అడవి మీద హక్కు తేల్చకుండా, ఆ అడవి మొక్కలను తోటకు తెచ్చుకోవడం ఎలాంటి న్యాయం?

ఎదురయ్యే ప్రశ్నలు

దీనికి అభ్యంతరాలున్నాయి, వాటిని దాటేయలేం. ఒకటి, అన్ని మొక్కలూ మేలు చేయవు. మందార, బెండ జాతులు పిండినల్లికి ఇష్టమైన ఇళ్లు. వయ్యారిభామ స్థానికమూ కాదు, మేలూ చేయదు. గట్టు మీద ఎప్పుడూ కనిపించే గడ్డిచామంతి కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. చీమలు తీపి కోసం పిండినల్లికి కాపలా కాసి కందిరీగలను తరిమేస్తాయి. కాబట్టి ఏ మొక్క ఏ నేలకు అన్నది చోటు చోటునా చూసుకోవాలి. వావిలి, తుమ్మి, గునుగు, తంగేడు లాంటివి మన నేలకు అలవాటైనవి, నీళ్లు పెద్దగా అడగవు. అయితే తంగేడు పూలలో పుప్పొడే తప్ప తేనె ఉండదు కాబట్టి అదొక్కటే పెడితే చాలదు. ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేలా కలిపి పెట్టాలి.

రెండు, ద్రాక్షలో కొట్టే మందుల్లో పెద్ద భాగం బూజు తెగులుకూ బూడిద తెగులుకూ. పురుగులు వాటిని ఆపలేవు. నిజమే. అందుకే పూలు నాటి చేతులు దులుపుకోకుండా, మిగిలిన మందుల నుంచి కూలీలకు రక్షణ కూడా అడగాలంటున్నాను.

మూడు, రెండెకరాల రైతు గట్టుకు చోటెక్కడ వదులుతాడు? చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలో అంబేద్కర్ ఒక మెలిక విప్పారు. కమతం లాభసాటిదా కాదా అన్నది ఎకరాలను బట్టి తేలదని, దాని మీద పెట్టే పెట్టుబడి, శ్రమల నిష్పత్తిని బట్టి తేలుతుందని. గట్టు మొక్కలకు కావలసింది మూడడుగుల నేల, నర్సరీ మొక్క, మొదటి ఏడాది కాస్త నీరు. ఆ పెట్టుబడి ప్రభుత్వం పెట్టాలి. మందుల పరిశ్రమకు దొరికే మద్దతులో కొంతయినా దీనికి దొరికితే చిన్న రైతు కాదనడు.

అయితే ఆ డబ్బు ఎవరికి చేరుతుందన్న ప్రశ్న ఉంటుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగుభూమి విస్తీర్ణంలో షెడ్యూల్డ్ కులాల వాటా 9 శాతం లోపే. 2011 జనాభాలో మన వాటా 16.6 శాతం. సబ్సిడీ ఎకరాలను బట్టి పంచితే భూమి ఉన్నవాడి గట్టుకే పూలు పూస్తాయి. అందుకే నా ప్రతిపాదనలు ఇవి. స్థానిక మొక్కల నర్సరీలను దళిత, ఆదివాసీ మహిళా సంఘాలకు అప్పగించి, మొక్కకు సరైన ధర కట్టాలి. ప్రభుత్వ నిధులతో పెంచిన గట్టు మీద మేతా కూరాకూ కోసుకునే హక్కు కూలీలకు రాతపూర్వకంగా ఉండాలి. విత్తనం రాలాక కోసే పద్ధతిలో పురుగుకూ మేకకూ ఇద్దరికీ చాలుతుంది. ఎగుమతి తోటల నమోదులో పండు అవశేషాల పక్కనే కూలీలు మందు కొట్టిన రోజులు, రక్షణ దుస్తులు, వైద్య పరీక్షల వివరాలూ తప్పనిసరి చేయాలి. పిండినల్లినీ దాన్ని తినే పురుగునూ వేరుచేసి గుర్తించే శిక్షణ ముందుగా కూలీలకే ఇవ్వాలి. తీగను రోజూ ముట్టుకునేది వాళ్లే.

చివరిగా నాలాంటి పరిశోధక విద్యార్థులకు ఒక మాట. విశ్వవిద్యాలయాల్లో జీవశాస్త్రాల వైపు వెళ్లిన మనవాళ్లం కులం గురించి హాస్టల్‌లో మాట్లాడుకుని, ప్రయోగశాలలో మౌనంగా ఉండిపోతున్నాం. అది సమాజ శాస్త్రాలవాళ్ల పని అని మనకు చెప్పారు. కానీ ఏది లెక్కపెట్టాలన్న నిర్ణయం ప్రయోగశాలలోనే జరుగుతోంది. నా థీసిస్‌లో ఒక అధ్యాయాన్ని పిచికారీ రోజుల లెక్కకు కేటాయించాను. పూలు పెట్టిన తోటలో, పెట్టని తోటలో ఒక మనిషి వీపున డబ్బా ఎన్ని రోజులు ఉంది అన్నది అందులో ఉంటుంది. మొక్కల పేర్లు చెప్పిన స్త్రీలు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు కృతజ్ఞతల పేజీలో కాకుండా, సమాచారం వచ్చిన చోటే ఉంటాయి. ఇది కీటక శాస్త్రం కాదని ఎవరైనా అంటే, పట్టికలో ఆ గడిని ఖాళీగా వదిలేయమని మీరు ఏ శాస్త్రం ప్రకారం చెబుతున్నారని తిరిగి అడుగుతాను. మీరూ అడగండి.